ఎదురు కట్నం ఇస్తానన్న కాంట్రాక్టర్: హైదరాబాద్ మెట్రో మొదటి టెండర్ కథ

శ్రీనగర్ కాలనీలో ఉండేవాళ్లు హైటెక్ సిటీకి వెళ్లాలంటే ఇప్పుడు యూసుఫ్‌గూడలోనో అమీర్‌పేటలోనో మెట్రో ఎక్కేస్తారు. ఆ లైన్ 2019 మార్చిలో మొదలైంది. కానీ హైదరాబాద్ మెట్రోకి మొదటి టెండర్ 2008లోనే ఖరారైంది. అప్పుడు గెలిచిన కంపెనీ ఒక్క పిల్లర్ కూడా లేపలేదు. ఎందుకో చూద్దాం.

ముందు టెండర్ రూల్ అర్థం కావాలి. మెట్రో కట్టాలంటే ఖర్చు బోలెడు, టికెట్ల మీద వచ్చేది తక్కువ. అందుకే ప్రైవేట్ కంపెనీ కట్టి నడిపితే, తక్కువపడే డబ్బులో కొంత ప్రభుత్వం గ్రాంట్‌గా ఇస్తుంది. దీన్నే వయబిలిటీ గ్యాప్ ఫండింగ్ అంటారు. కేంద్రం 20 శాతం దాకా, రాష్ట్రం ఇంకో 20 శాతం దాకా. ఎవరు తక్కువ గ్రాంట్ అడిగితే పని వాళ్లకే.

బిడ్లు తెరిస్తే మేటాస్ గ్రూప్ అందరికీ షాక్ ఇచ్చింది. గ్రాంట్ అసలు వద్దు, మేమే ప్రభుత్వానికి ఏళ్ల తరబడి మొత్తం 30,311 కోట్లు కడతాం అంది. ప్రాజెక్టు ఖర్చే సుమారు 12 వేల కోట్లు! ఇల్లు కట్టే మేస్త్రీ వచ్చి "కూలీ వద్దండీ, నేనే మీకు ఎదురిస్తా" అంటే మనం ఏం చేస్తాం? ముందు సిమెంట్ బస్తాలు లెక్కపెట్టుకుంటాం. రాష్ట్ర ప్రభుత్వం మాత్రం ఒప్పందం మీద సంతకం పెట్టేసింది.

అడిగినవాడు ఒకాయన ఉన్నాడు. ఢిల్లీ మెట్రో శ్రీధరన్. 2008 సెప్టెంబర్‌లో ప్లానింగ్ కమిషన్‌కి లేఖ రాశారు. మెట్రోతో పాటు కంపెనీ చేతికి 250 ఎకరాలకు పైగా ప్రభుత్వ భూమి వెళ్తోంది, అసలు కన్ను రియల్ ఎస్టేట్ మీదే ఉందని ఆయన అనుమానం. ప్రభుత్వం లెక్కలు తిరగేయలేదు. క్షమాపణ చెప్పాలంది, పరువునష్టం దావా వేస్తామని హెచ్చరించింది.

అధికారుల వైపు నుంచి కూడా చూడాలి. అన్నిటికన్నా మంచి రేటు ఇచ్చినవాణ్ణి పక్కన పెడితే కోర్టు కేసు, ఆడిట్ అభ్యంతరం, "ఎవరికోసం చేశారు?" అనే ప్రశ్న. ఒప్పుకుంటే ఆ రోజుకి ఏ గొడవా లేదు. అనుమానించడానికి రూల్‌లోనే దారి ఉండాలి. ప్రపంచ బ్యాంకు 2016 నుంచి అమలు చేస్తున్న నిబంధనల్లో అలాంటి దారి ఉంది. నమ్మశక్యం కానంత తక్కువ రేటు వస్తే కంపెనీని లెక్క చెప్పమని అడగాలి, తృప్తిగా లేకపోతే తిరస్కరించొచ్చు.

ఇంతకీ మేటాస్ ఎవరిది? ఆ పేరు ఇంగ్లిష్ స్పెల్లింగ్ వెనక నుంచి చదవండి: సత్యం! రామలింగరాజు కుటుంబానిదే. 2009 జనవరి 7న సత్యం ఖాతాల్లో వేల కోట్ల మోసం జరిగిందని ఆయనే లేఖలో ఒప్పుకున్నారు. ఆ తర్వాత మేటాస్ మెట్రోకి నిధులు కూడగట్టలేకపోయింది. జూలైలో ప్రభుత్వం కాంట్రాక్ట్ రద్దు చేసింది.

మళ్లీ టెండర్ పిలిస్తే 2010లో ఎల్ అండ్ టీ గెలిచింది, 1,458 కోట్ల గ్రాంట్ అడిగి. 30 వేల కోట్లు వస్తాయన్న చోట ఎదురు మనమే ఇవ్వాల్సి వచ్చింది! మొదటి రైలు 2017 నవంబర్‌లో నడిచింది.

ఈ రెండో లెక్క నిజానికి దగ్గరే, కానీ అదీ తేలిక కాలేదు. ఖర్చు పెరిగింది, కరోనా వచ్చింది, నష్టాలు పేరుకున్నాయి. చివరికి 2025 సెప్టెంబర్‌లో, సుమారు 13 వేల కోట్ల అప్పుతో సహా మెట్రోని తీసుకోవడానికి తెలంగాణ ప్రభుత్వం సూత్రప్రాయంగా ఒప్పుకుంది.