మంద

మంద అనగానే గొర్రెల గుంపే గుర్తొస్తుంది. తమిళంలో దీని చుట్టం ‘మందై’కి పశువులు చేరే ఊరి బయలు అనే అర్థమూ ఉంది. మన పల్లెల్లో ‘మంద కట్టించడం’ అంటే రాత్రంతా గొర్రెలను చేలో నిలిపి, పెంటికలు, మూత్రం ఎరువుగా పడేలా చూసుకోవడం. అందుకు కాపరికి గింజలో డబ్బో ముట్టజెప్పాలి.

అమెరికాలో ఇప్పుడు సోలార్ కంపెనీలు కూడా కాపరులకు డబ్బిస్తున్నాయి. అక్కడ కావలసింది ఎరువు కాదు, సోలార్ పలకల కింద గడ్డి పెరగకపోవడం. పెరిగితే ఎండకు అడ్డం, కోయిస్తే ఖర్చు; గొర్రెలైతే మేసేస్తాయి. మేకలను మాత్రం రానివ్వరు: పలకలెక్కుతాయి, తీగలు కొరుకుతాయి. మేక బుద్ధి!

సాగునూ సౌరవిద్యుత్తునూ ఒకే నేలలో కలిపే ఆలోచనను 1980ల ఆరంభంలో జర్మన్ శాస్త్రవేత్తలు గోట్జ్‌బెర్గర్, జాస్ట్రో ముందుకు తెచ్చారు. దాన్ని ‘అగ్రివోల్టాయిక్స్’ అంటున్నారు. నోరు తిరగని పేరు. ‘మంద కట్టిన సోలారు’ అంటే రైతుకు ఇట్టే తెలుస్తుంది.