బేస్‌బాల్ పిచర్ల సీజన్ గణాంకాలలో యాదృచ్ఛిక సామ్యాలు

బేస్‌బాల్ పిచర్ల సీజన్ గణాంకాలలో యాదృచ్ఛిక సామ్యాలు అనగా అమెరికా వృత్తి బేస్‌బాల్‌లో బంతి విసిరే ఆటగాళ్ళ వార్షిక లెక్కలలో ఒకే అంకెలు అనుకోకుండా పునరావృతం కావడం. ఒకే పిచర్ పదేళ్ళ ఎడంతో సరిగ్గా అవే గెలుపోటములు నమోదు చేయడం, ఇద్దరు అన్నదమ్ములు ఒకే ఏడాది సమాన విజయాలు సాధించడం ఇందుకు ఉదాహరణలు. బేస్‌బాల్‌లో 19వ శతాబ్దం నుండి ప్రతి ఆట లెక్కలు భద్రపరచబడుతూ ఉండడం వలన ఇటువంటి సామ్యాలు విరివిగా కనిపిస్తాయి. సంభావ్యతా శాస్త్రాన్ని బోధించడానికి ఇవి చక్కని ఉదాహరణలు.

గెలుపు-ఓటముల లెక్క

బేస్‌బాల్‌లో పిచర్ పాత్ర క్రికెట్‌లో బౌలర్ పాత్రను కొంతవరకు పోలి ఉంటుంది. అయితే క్రికెట్‌లో గెలుపు జట్టుకు మాత్రమే చెందుతుంది. బేస్‌బాల్‌లో ప్రతి ఆటలోను ఒక పిచర్ ఖాతాలో గెలుపు, ప్రత్యర్థి జట్టు పిచర్ ఒకరి ఖాతాలో ఓటమి నమోదు చేస్తారు. ఆటను ఆరంభించిన పిచర్‌కు గెలుపు దక్కాలంటే సాధారణంగా అతడు కనీసం 5 ఇన్నింగ్స్ పూర్తిచేయాలి. ఒక సీజన్‌లో 20 ఆటలు గెలిచి 9 ఓడిన పిచర్ లెక్కను 20-9 అని వ్రాస్తారు.

దీనితో పాటు ఆర్జిత పరుగుల సగటు, స్ట్రైకౌట్ల సంఖ్య కూడా ముఖ్యమైనవి. ఫీల్డర్ల తప్పిదం లేకుండా పిచర్ ఇచ్చిన పరుగులను 9తో గుణించి, అతడు విసిరిన ఇన్నింగ్స్‌తో భాగిస్తే ఆర్జిత పరుగుల సగటు వస్తుంది. ఇది ఎంత తక్కువైతే అంత మేలు. ఒక లీగులో విజయాలు, సగటు, స్ట్రైకౌట్లు మూడింటిలోను ప్రథమ స్థానం పొందడాన్ని ట్రిపుల్ క్రౌన్ అంటారు.

ప్రముఖ ఉదాహరణలు

వారెన్ స్పాన్

బ్రేవ్స్ జట్టు ఎడమచేతివాటం పిచర్ వారెన్ స్పాన్ 1953లో 23-7 లెక్కను నమోదు చేశాడు. సరిగ్గా పదేళ్ళ తరువాత 1963లో, 42 ఏళ్ళ వయసులో, మళ్ళీ 23-7 నమోదు చేశాడు. 1947లోను 1960లోను అతని లెక్క 21-10. అన్నిటికంటే విచిత్రమైనది అతని జీవితకాలపు లెక్క: పిచర్‌గా అతని మొత్తం విజయాలు 363 కాగా, బ్యాటింగ్‌లో అతడు సాధించిన హిట్లు కూడా 363. ఈ రెండు అంకెలకు పరస్పర సంబంధమేమీ లేదు.

గ్రెగ్ మాడక్స్

గ్రెగ్ మాడక్స్ 1988 నుండి 2004 వరకు వరుసగా 17 సీజన్లలో 15 లేక అంతకు మించి విజయాలు సాధించాడు. ఆ 17 సీజన్లలో నాలుగు జంటలు కనిపిస్తాయి.

• 15-11: 1991, 1996
• 16-6: 1994, 2002
• 19-9: 1999, 2000
• 16-11: 2003, 2004

వీటిలో 16-6 జంట గమనించదగినది. 1994 సీజన్ ఆటగాళ్ళ సమ్మె కారణంగా ఆగస్టులోనే ఆగిపోయింది. ఆ ఏడాది మాడక్స్ 25 ఆటలు మాత్రమే ఆరంభించి 1.56 సగటు సాధించాడు. 2002లో 34 ఆటలు ఆరంభించగా సగటు 2.62. గెలుపోటముల అంకెలు ఒకటే అయినా రెండు సీజన్లు ఒకటి కావు.

గుడెన్, క్లెమెన్స్

1985లో న్యూయార్క్ మెట్స్ పిచర్ డ్వైట్ గుడెన్ 24-4 లెక్కతో నేషనల్ లీగ్ సై యంగ్ పురస్కారం పొందాడు. మరుసటి ఏడాది బోస్టన్ రెడ్ సాక్స్ పిచర్ రోజర్ క్లెమెన్స్ అదే 24-4 లెక్కతో అమెరికన్ లీగ్ సై యంగ్ పురస్కారం పొందాడు. 1986 వరల్డ్ సిరీస్‌లో ఈ రెండు జట్లే తలపడ్డాయి. రెండవ ఆటను ఇరువైపులా వీరిద్దరే ఆరంభించారు. బోస్టన్ 9-3తో గెలిచింది. కానీ క్లెమెన్స్ అయిదవ ఇన్నింగ్స్ పూర్తికాకముందే వైదొలగినందున ఆ గెలుపు అతని ఖాతాలో చేరలేదు.

అన్నదమ్ములు

1970లో పెర్రీ సోదరులిద్దరూ తమ తమ లీగులలో అత్యధిక విజయాలను ఇతరులతో పంచుకున్నారు. జిమ్ పెర్రీ అమెరికన్ లీగ్‌లో 24, గేలార్డ్ పెర్రీ నేషనల్ లీగ్‌లో 23 ఆటలు గెలిచారు. 1979లో నీక్రో సోదరులు ఒకే లీగులో చెరి 21 విజయాలతో సమంగా ప్రథమ స్థానంలో నిలిచారు. జో నీక్రో లెక్క 21-11 కాగా, ఫిల్ నీక్రో లెక్క 21-20. ఆ ఏడాది ఆ లీగులో అత్యధిక విజయాలతో పాటు అత్యధిక పరాజయాలు కూడా ఫిల్ పేరిటే ఉన్నాయి.

ఒకే జట్టు, ఒకే ఏడాది

1971లో బాల్టిమోర్ ఓరియోల్స్ జట్టులో నలుగురు పిచర్లు 20 లేక అంతకు మించి విజయాలు సాధించారు. డేవ్ మెక్‌నాలీ 21-5, పాట్ డాబ్సన్ 20-8 కాగా, మైక్ క్వెయ్యార్, జిమ్ పామర్ ఇద్దరూ 20-9. పామర్ సగటు 2.68, క్వెయ్యార్ సగటు 3.08. అంతకుముందు 1920లో చికాగో వైట్ సాక్స్ జట్టులో కూడా నలుగురు ఈ ఘనత సాధించారు.

2024 ట్రిపుల్ క్రౌన్

2024లో రెండు లీగులలోను ఎడమచేతివాటం పిచర్లే ట్రిపుల్ క్రౌన్ సాధించారు. నేషనల్ లీగ్‌లో క్రిస్ సేల్ లెక్క 18-3, సగటు 2.38, స్ట్రైకౌట్లు 225. అమెరికన్ లీగ్‌లో టారిక్ స్కూబల్ లెక్క 18-4, సగటు 2.39, స్ట్రైకౌట్లు 228. ఇరువురికీ సై యంగ్ పురస్కారం లభించింది.

ఒక్క అంకె తేడా

కొన్ని సందర్భాలలో ఒక్క అంకెకే ఎంతో విలువ ఏర్పడుతుంది. 1965లో సాండీ కౌఫాక్స్ 382 స్ట్రైకౌట్లు చేయగా, 1973లో నోలన్ రయన్ 383 చేసి ఆ రికార్డును అధిగమించాడు.

గ్రోవర్ క్లీవ్‌లాండ్ అలెగ్జాండర్ 1929లో తన 373వ విజయం సాధించాడు. అప్పటి లెక్కల ప్రకారం క్రిస్టీ మాథ్యూసన్ విజయాలు 372 కావడంతో, నేషనల్ లీగ్ రికార్డు అలెగ్జాండర్‌దేనని అందరూ భావించారు. 1930లో అతడు మూడు ఆటలు ఓడి, ఒక్కటీ గెలవకుండా ప్రధాన లీగుల నుండి నిష్క్రమించాడు. తరువాత పాత లెక్కలను పరిశీలించగా మాథ్యూసన్‌కు మరొక విజయం చెందుతుందని తేలింది. నాటి నుండి ఇద్దరూ 373తో సమానులు. ఈ సామ్యం మైదానంలో కాక, లెక్కల పుస్తకంలో ఏర్పడినది.

గణిత వివరణ

ఈ సామ్యాలు మొదట అద్భుతంగా తోచినా సంభావ్యతా శాస్త్రం వీటిలో అనేకం సహజమేనని చూపుతుంది. జన్మదిన సమస్య ఇందుకు మూలాధారం. ఒక గదిలో 23 మంది ఉంటే, వారిలో ఏ ఇద్దరికైనా ఒకే పుట్టినరోజు ఉండే సంభావ్యత 50 శాతానికి మించుతుంది. మనుషుల సంఖ్య కాక, వారితో ఏర్పడే జంటల సంఖ్య ఇక్కడ ముఖ్యం. 23 మందితో 253 జంటలు ఏర్పడతాయి.

దీనిని మాడక్స్ లెక్కలకు అన్వయించవచ్చు. ఆ 17 సీజన్లలో అతని విజయాలు 15 నుండి 20 లోపు, పరాజయాలు 2 నుండి 15 లోపు ఉన్నాయి. అనగా 6 × 14 = 84 గళ్ళు. 17 సీజన్లతో 136 జంటలు ఏర్పడతాయి. అన్ని గళ్ళకూ సమాన అవకాశం ఉందనుకుంటే సగటున 136 ÷ 84, అనగా సుమారు 1.6 జంటలు ఏకీభవించాలి. వాస్తవానికి మధ్య గళ్ళకు అవకాశం ఎక్కువ గనుక ఈ సంఖ్య ఇంకా పెరుగుతుంది. కాబట్టి నాలుగు జంటలు విశేషమే గాని అసంభవం కాదు.

రెండవ కారణం ఎంపిక. వేలాది పిచర్ల లెక్కలను వెదికి, కలిసినవాటిని మాత్రమే చెప్పుకుంటాము. కలవనివాటిని ఎవరూ ప్రస్తావించరు. స్పాన్ విజయాలు, హిట్లు సమానం కావాలని ముందుగా ఎవరూ ఊహించలేదు. నమూనా తగినంత పెద్దదైతే ఎంతటి వింత అయినా జరగడానికి అవకాశముందని గణాంక శాస్త్రవేత్తలు పెర్సీ డయాకోనిస్, ఫ్రెడరిక్ మోస్టెల్లర్ 1989లో ప్రచురించిన పత్రంలో వివరించారు.

అన్నదమ్ముల ఉదాహరణలు కొంత భిన్నమైనవి. ఒకే కుటుంబంలో పుట్టి, ఒకేచోట ఆట నేర్చినవారిద్దరూ మేటి పిచర్లు కావడం కేవలం యాదృచ్ఛికం కాదు. అంకెలు సరిగ్గా కలవడం మాత్రమే యాదృచ్ఛికం.

ప్రాముఖ్యత

ఒకే గెలుపోటముల వెనుక వేర్వేరు ప్రతిభ ఉండవచ్చుననడానికి ఈ సామ్యాలు నిదర్శనం. పిచర్ గెలుపు అతని నైపుణ్యంతో పాటు జట్టు బ్యాటింగ్‌పై, ఫీల్డింగ్‌పై ఆధారపడుతుంది. 1987లో నోలన్ రయన్ సగటులోను (2.76) స్ట్రైకౌట్లలోను (270) నేషనల్ లీగ్‌లో ప్రథముడై కూడా 8-16తో మిగిలాడు. ఆ ఏడాది సై యంగ్ పురస్కారం అతనికి దక్కలేదు. 1990లో 27-6 సాధించిన బాబ్ వెల్చ్‌కు ఆ పురస్కారం లభించింది. సగటులో అతనికంటే ఎంతో మెరుగైన క్లెమెన్స్‌కు లభించలేదు.

క్రమేణా ఈ దృక్పథం మారింది. 2010లో 13-12 లెక్క గల ఫెలిక్స్ హెర్నాండెజ్, 2018లో 10-9 లెక్క గల జేకబ్ డిగ్రోమ్ సై యంగ్ పురస్కారం పొందారు. డిగ్రోమ్ ఆ ఏటి సగటు 1.70.

ఇవి కూడా చూడండి

• బేస్‌బాల్
• సంభావ్యత
• జన్మదిన సమస్య
• సై యంగ్ పురస్కారం