శోకమందిరమున చీకటిపాట

లండను నగరమందలి రాయల్ ఆల్బర్టు హాలు రాజవైభవమునకును, సంప్రదాయ సంగీతమునకును ఆటపట్టని పలువు రెరుగుదురు. గోతిక్ రాక్ అను చీకటిపాటల బృందములును అచట పాడినవని వినినచో, ఈ రెంటికిని పొత్తెట్లు కుదిరెనని చదువరులు శంకింపవచ్చును. ఆ పొత్తు మందిరపు పునాదిలోనే యున్నదని మా యభిప్రాయము.

1851వ సంవత్సరపు మహాప్రదర్శనమున మిగిలిన ధనముతో కొనిన భూమిపై శాస్త్రములకును కళలకును నిలయము లేర్పడవలెనని విక్టోరియా రాణి భర్తయగు ఆల్బర్టు ప్రభువు తలచెను. ఆ తలపు ఫలింపకమునుపే, 1861 డిసెంబరులో, ఆయన మరణించెను. 1867లో పునాదిరాయి నిలుపుచు రాణి మందిరమునకు భర్త పేరు పెట్టెను. 1871 మార్చి 29వ తేదీని జరిగిన ప్రారంభోత్సవమున దుఃఖముచే నామెకు మాట పెగలకపోగా, కుమారుడే మందిరము తెరువబడినదని ప్రకటించెను. 1901లో తాను మరణించువరకు నామె నల్లని వస్త్రములనే ధరించెను.

గోతిక్ రాక్ 1970 దశాబ్ది చివర ఇంగ్లండున పొడమినది. మంద్రస్థాయి గిటారు, ఎడతెగని డోలుదెబ్బ, మృత్యువును ఏకాంతమును తలపోయు పాటలు దాని లక్షణములు. దాని యభిమానుల నల్లని వేషమునకు విక్టోరియా కాలపు సంతాపవస్త్రములును ఒక మాతృక.

శ్రోతలు అదుపు తప్పుచున్నారని 1972లో హాలు అధికారులు రాక్ కచ్చేరీలను నిషేధించిరి. ఆ నిషేధము సడలిన పిమ్మట, 1983 సెప్టెంబరు 30, అక్టోబరు 1వ తేదీలలో, సూజీ అను గాయని నాయకత్వమున బాన్షీస్ బృందము అచట పాడెను. ఆ రెండు రాత్రుల పాటలే "నొక్టర్న్" అను జంట రికార్డుగా వెలువడెను. 1985 జూన్ 18వ తేదీని లీడ్సు నగరపు సిస్టర్స్ ఆఫ్ మెర్సీ బృందము పాడినది. ఆ కచ్చేరీ చిత్రమునకు "వేక్" అని పేరు. మేలుకొనుటయు, మృతుని కడ జాగరణ చేయుటయు ఆ యాంగ్లపదమునకు గల రెండర్థములు. ఆ బృందము కొలది నెలలలోనే చీలిపోయెను. గోతిక్ అను పేరును ఈ రెండు బృందములును ఇష్టపడకున్నను, లోకము వానిని ఆ పేరుతోనే పిలిచినది.

రాణి దుఃఖించిన దానికి గోపురము కట్టిరి. సామాన్యుల బిడ్డలు దుఃఖమును పాడగా దానిని వికారమనిరి. శోకమునకు అంతస్తులు గలవా? మన యిండ్లలోను పిల్లలు విషాదగీతమును వినినచో అశుభమని గదుముట వాడుక. గదిమినంత మాత్రమున దుఃఖము తొలగదు, మూగవోవును. పాటగా వెలువడిన దుఃఖమును పదిమంది కలిసి మోయగలరు. తమ మనసులోని చీకటిని పిల్లలు పాటగా వినిపించినపుడు, తలుపు మూయక, ప్రక్కన గూర్చుండి వినుట పెద్దల విధియని మేము తలంతుము.