నోటి పేరు, రాత పేరు: తెలుగు బడిపిల్లల పేర్లలో వర్ణక్రమం

నేటి పిల్లల పేర్లకు అర్థం లేదన్న అభియోగం సాహితీసభల్లో తరచుగా వినిపిస్తుంది. చరిత్రదృష్టితో పరిశీలిస్తే అసలు మార్పు అర్థంలో కంటే పేరు పుట్టే చోటులో కనిపిస్తుంది. ఒకప్పుడు నోట పుట్టి కాగితానికెక్కిన పేరు, నేడు రోమన్ అక్షరాల్లో రూపుదిద్దుకొని తెలుగులోకి లిప్యంతరీకరణగా వస్తున్నది.

పూర్వపు పేర్లన్నీ అర్థగౌరవం చూసి పెట్టినవి కావు. వరుసగా బిడ్డలు దక్కని ఇంట పుట్టిన శిశువు పెంటయ్య, బిచ్చమ్మ అయ్యేవారు. దర్గా మొక్కుల వల్ల మస్తానయ్య, సైదులు, హుస్సేనమ్మ వంటి పేర్లు హిందూ కుటుంబాల్లోనూ స్థిరపడ్డాయి. జాతీయోద్యమం గాంధీ, బోస్ పేర్లను ఇచ్చింది. మూలం ఏదైనా, పేరు తెలుగు నుడికారానికి లొంగేది. క్రీ.శ. 575 నాటిదిగా భావిస్తున్న కలమళ్ల శాసనంలోని ధనంజయుని పేరు మొదలు చూసినా, సంస్కృత నామం ‘డు’ చేరి అజంతమయ్యాకనే తెలుగు పేరయ్యేది. చిన్నయసూరి డుమువులుగా సూత్రీకరించిన పద్ధతి ఇదే. అభినవ్, రిత్విక్, దేవాంశ్ వంటి నేటి హలంతాలు ఆ ప్రత్యయం చేరకుండానే నిలుస్తున్నాయి.

నక్షత్రనామాలు సైతం శబ్దాన్నే ఆశ్రయించాయి. అశ్విని నాలుగు పాదాలకు చూ, చే, చో, లా అన్న ఆద్యక్షరాలు చెవికి సంబంధించినవి. సంఖ్యాశాస్త్రం ప్రచారంలోకి వచ్చాక ఈ పునాది కదిలింది. అక్షరాలకు సంఖ్యలివ్వడం మనకు కొత్త కాదు. మేళకర్త రాగాల పేర్లలో వాటి సంఖ్యను నిక్షేపించిన కటపయాది పద్ధతి వర్ణమాలపైనే నిలిచింది. పిల్లల పేర్ల విషయంలో మాత్రం ఆదరణ కీరో పేరిట వ్యాపించిన రోమన్ అక్షరాల లెక్కకే దక్కింది. (ఆ లెక్కలో ఏ అక్షరానికీ 9 విలువ లేదు.) ఫలితంగా ఒకే పేరుకు రెండు శాస్త్రాలు: మొదటి అక్షరం పంచాంగం నుంచి, చివర చేరే అదనపు ‘ఏ’, ‘హెచ్’ సంఖ్యాశాస్త్రం నుంచి. ఉచ్చారణలో వినిపించని అక్షరం కూడా పేరులో భాగమైంది.

తెలుగు వర్ణక్రమం దెబ్బతింటున్నది ఇక్కడే. టకారంతో కలవకుండా తకారానికి ‘టి హెచ్’ రాయడం దక్షిణాది అలవాటు. అందువల్ల త, థ రెండింటికీ ఒకే రాత. ఆ రాతనుంచి తిరిగి తెలుగు చేసినప్పుడు స్వాతి ‘స్వాథి’గా మారే అవకాశముంది. ఋకారానిది మరింత చిక్కు: తెలుగు నోట అది ‘రు’, హిందీలో ‘రి’. ఋత్విక్ అన్న పదం రిత్విక్‌గా, రుత్విక్‌గా చీలడానికి కారణమిదే. ప్రజ్ఞ ‘ప్రగ్న’ కావడం, శాన్వి ‘షాన్వి’ కావడం ఈ కోవలోనివే. తెలుగు ఉపాధ్యాయుడు దీనిని దిద్దవలసిన దోషంగా చూస్తాడు. తల్లిదండ్రులకు అది ధ్రువపత్రంలోని పేరు.

అయితే ఈ మార్పును క్షీణతగా మాత్రమే చూడడం అన్యాయం. పాత పేర్లు కులాన్ని మోసేవి. మల్లయ్య అందరి నోటా మల్లయ్య కాలేదు. ఊరిపెద్దల నోట అతడు మల్లిగాడు. అటువంటి ఇంటి మనుమడు రిత్విక్‌గా బడికి వెళ్లినప్పుడు హాజరుపట్టీలో ఆ పేరు చూసి కులం చెప్పడం కష్టం. ‘అర్థం లేని’ పేరుకు ఉన్న ఈ సామాజికార్థాన్ని పండితవిమర్శ పట్టించుకోలేదు.

ఒకప్పుడు బడిలో చేరేనాడు ప్రధానోపాధ్యాయుడు ప్రవేశ పుస్తకంలో రాసిందే పేరుగా నిలిచేది. ఇంటి పేరొకటి, బడి పేరొకటి సహజమే. జనన మరణాల నమోదు చట్టం (1969) ప్రకారం పేరు లేకుండానే జననాన్ని నమోదు చేసి, తరువాత పేరు చేర్చవచ్చు. 2023 నాటి సవరణతో, ఆ ఏడాది అక్టోబరు 1న గాని ఆ తరువాత గాని పుట్టినవారికి జనన ధ్రువపత్రమే బడి ప్రవేశానికి, పాస్‌పోర్టుకు, ఆధార్‌కు పుట్టిన తేదీ, స్థలాల రుజువు. ఒక్క ‘హెచ్’ తేడా వచ్చినా ఆ పత్రంతో పోల్చి చూడవలసిందే. తెలుగు వాచకం మీద పిల్లవాడు తన పేరును ఏ అక్షరాలతో రాసుకోవాలన్నది బడికి ముందే, ఆ పత్రంలోని రోమన్ రాతతోనే చాలావరకు తేలిపోతున్నది. వారిలో మొదటివారికి 2029లో ఆరేళ్లు నిండుతాయి.