అగ్నిప్రమాదాలు, చట్టాలు: కొంత చరిత్ర



మన నాందేడ్ జిల్లాలో బడికి, ఆసుపత్రికి, హోటలుకు, మిల్లుకు వర్తించే చట్టం ఒకటుంది. దాని మరాఠీ పేరు 'మహారాష్ట్ర ఆగ్ ప్రతిబంధక్ వ జీవసంరక్షక్ ఉపాయయోజనా అధినియమ్, 2006'. ఇంట్లో తెలుగు మాట్లాడుతూ బడిలో మరాఠీ చదువుకున్న దెగ్లూరు, బిలోలి, ధర్మాబాదు వాళ్ళను ఈ పేరు కాస్త తికమక పెడుతుంది. తెలుగులో ప్రతిబంధకమంటే అడ్డంకి, ఉపాయమంటే యుక్తి. మరాఠీలో ప్రతిబంధక్ అంటే నివారించేది, ఉపాయయోజనా అంటే ముందుగా తీసుకోవలసిన చర్యలు. మంటలార్పే శాఖను మాత్రం మరాఠీలో 'అగ్నిశమన్' అంటారు, తెలుగులో 'అగ్నిమాపక' అంటాం. శమనమంటే అంటుకున్నాక చల్లార్చడం. ప్రతిబంధ్ అంటే అసలు అంటుకోకుండా చూడడం. మొదటి మాట నుంచి రెండో మాటకు రావడానికి మనకు అరవై ఏళ్ళు పైగా పట్టింది.

ఏటా ఏప్రిల్ 14 నుంచి 20 దాకా అగ్నిమాపక వారోత్సవాలు జరుగుతాయి. ఆ తేదీ ఎందుకో తెలుసా? 1944 ఏప్రిల్ 14న బొంబాయి విక్టోరియా డాకులో 'ఫోర్ట్ స్టికిన్' అనే ఓడ నిలిచి ఉంది. అందులో సుమారు 1400 టన్నుల పేలుడు పదార్థాలున్నాయి. వాటితోపాటే కరాచీలో ఎక్కించిన వేలాది పత్తి బేళ్ళున్నాయి. పత్తి సంగతి మనకు ఒకరు చెప్పాలా! ఉస్మాన్‌షాహీ మిల్లు నడిచిన ఊరు మనది. బేలు లోపల నిప్పు పడితే పైకి కనపడకుండా గంటల తరబడి రాజుకుంటుందని జిన్నింగులో పనిచేసినవాళ్ళు ఎవరైనా చెబుతారు. ఓడలోనూ అదే జరిగింది. మధ్యాహ్నం పొగ కనిపించింది, నాలుగు దాటాక ఓడ పేలిపోయింది. పక్కన నిలబడి నీళ్ళు కొడుతున్న అగ్నిమాపక సిబ్బందిలో 66 మంది చనిపోయారు. వారి త్యాగానికి చేతులెత్తి నమస్కరించాలి. అయితే ఆ రెండు సరుకుల్నీ ఒకే ఓడలో నింపినప్పుడే ప్రమాదం సిద్ధమయింది. అక్కడ ఆపవలసినవాళ్ళు ఆపలేదు.

భవనాల విషయానికి వస్తే, 1970లో నేషనల్ బిల్డింగ్ కోడ్ వచ్చింది. 1983లో, 2005లో, 2016లో దాన్ని సవరించారు. అగ్ని భద్రత అందులో నాలుగో భాగం. మెట్లు ఎన్ని, ఎంత వెడల్పు, తలుపు ఎటు తెరుచుకోవాలి అన్నీ అందులో ఉన్నాయి. ఇబ్బందల్లా ఒకటే. అది సలహా మాత్రమే. రాష్ట్రమో నగరపాలికో తన నియమాల్లో చేర్చుకుంటే తప్ప దానికి బలం లేదు.

ఆ బలం లేకపోతే ఏమవుతుందో 2004 జులై 16న తమిళనాడులోని కుంభకోణం చూసింది. ఒకే భవనంలో ఒకటికి మించిన బడులు, మధ్యాహ్నభోజనం వండే వంటశాల, ఆకుల కప్పు, దిగడానికి ఇరుకైన మెట్లు. 94 మంది పిల్లలు చనిపోయారు. బడిలో పనిచేసే ఎవరికైనా ఆ అంకె చదవగానే తన తరగతి గది కళ్ళముందు నిలుస్తుంది. ఆ తర్వాత 2009 ఏప్రిల్ 13న సుప్రీంకోర్టు ఒక తీర్పు చెప్పింది. భద్రమైన భవనంలో చదువుకోవడం పిల్లల హక్కని, బడిలో మంటలార్పే సాధనాలు ఉండాలని, వాటిని వాడడం ఉపాధ్యాయులకు నేర్పాలని ఆదేశించింది.

2006 నాటి మన చట్టం 2008 డిసెంబరులో అమల్లోకి వచ్చింది. అందులో నాకు నచ్చిన మాట ఒకటుంది. భద్రత బాధ్యత అగ్నిమాపక శాఖది కాదు, భవన యజమానిది, లేదా దాన్ని వాడుకుంటున్నవారిది. లైసెన్సు ఉన్న ఏజెన్సీ చేత సాధనాలు తనిఖీ చేయించి, ఏటా జనవరిలో ఒకసారి, జులైలో ఒకసారి సర్టిఫికెట్ దాఖలు చేయాలి. సరిహద్దు దాటి బాసర వైపు వెళితే చట్టం మారుతుంది. అక్కడిది 1999లో ఆంధ్రప్రదేశ్ చేసిన అగ్నిమాపక చట్టం. 1956 దాకా ఒకే హైదరాబాదు రాష్ట్రంలో ఉన్న ఊళ్ళకు ఇప్పుడు రెండు చట్టాలు!

చట్టం ఉన్నంత మాత్రాన పని జరుగుతుందా? 2021 జనవరి 9న భండారా జిల్లా ఆసుపత్రిలో 10 మంది పసికందులు చనిపోయారు. రాష్ట్రమంతా తనిఖీలన్నారు. పది నెలలు తిరక్కుండానే, నవంబరు 6న, అహ్మద్‌నగర్ ఆసుపత్రిలో మరో 11 మంది చనిపోయారు.

మన మధ్య అందరికంటే ఎక్కువగా చెప్పుకోవలసిన రోజు 2025 మే 18. ఆదివారం. తెల్లవారుజామున సోలాపూర్‌లో ఒక తువ్వాళ్ళ మిల్లు అంటుకుంది. సోలాపూర్ మగ్గాల మీద మన పద్మశాలీల చెమట ఎంత ఉందో వేరే చెప్పనక్కరలేదు. యజమాని ఇల్లూ, కార్మికుల నివాసమూ మిల్లు ఆవరణలోనే ఉన్నాయి. యజమాని కుటుంబం, కార్మికులు కలిసి 8 మంది పోయారు. అదే ఉదయం హైదరాబాదులో చార్మినార్ దగ్గర గుల్జార్ హౌజ్‌లో మరో మంట లేచింది. కింద దుకాణాలు, పైన కాపురం, పైకి ఒక్కటే ఇరుకు మెట్లదారి. 17 మంది చనిపోయారు, వారిలో 8 మంది పిల్లలు. మంట అందరినీ తాకలేదు, పొగే చాలింది. 2013 డిసెంబరు 28న బెంగళూరు నుంచి మన నాందేడ్‌కు వస్తున్న రైలులో, పుట్టపర్తి దగ్గర, మూసి ఉన్న ఏసీ పెట్టెలో 26 మంది ప్రాణాలు తీసిందీ ఎక్కువగా పొగే.

కింద అంగడి, పైన ఇల్లు మన ఊళ్ళలోనూ మామూలే. ధర్మాబాదులో మిరప బస్తాలైనా, ఇంకోచోట బట్టల కట్టలైనా, మెట్ల కిందే పేరుస్తారు. ఆ మెట్లమీదుగానే ఇంటిల్లిపాదీ దిగాలి.

రేపు పెళ్ళికి మంగళ కార్యాలయం మాట్లాడుకోవడానికి వెళ్ళినప్పుడు భోజనాల హాలు, కారు పార్కింగు చూస్తారు కదా. అడ్వాన్సు చేతిలో పెట్టేముందు రెండో దారి ఎక్కడుందో, దాని తాళంచెవి ఎవరి దగ్గరుందో అడగండి. జనవరిదో జులైదో సర్టిఫికెట్ చూపించమనండి. దాన్ని 'బి' ఫారం అంటారు.