నల్లేరు పచ్చడి

నల్లేరు పచ్చడి నల్లేరు తీగ యొక్క లేత కాడలతో తయారుచేసే తెలుగువారి వంటకం. నల్లేరు చూడటానికి ముళ్ళు లేని జెముడు మొక్కలా ఉన్నప్పటికీ జెముడు జాతికి చెందినది కాదు. ఇది ద్రాక్ష కుటుంబానికి (వైటేసి) చెందిన తీగ. సరిగా వండని నల్లేరు నోటిలోను, గొంతులోను తీవ్రమైన దురద కలిగిస్తుంది. అందువలన ఈ వంటలో రుచి కంటే ముందు దురదను పోగొట్టే విధానము ముఖ్యము.

మొక్క

నల్లేరు శాస్త్రీయ నామం సిస్సస్ క్వాడ్రాంగ్యులారిస్. లిన్నేయస్ 1767లో దీనికి ఈ పేరు పెట్టాడు. దీని కాడ నాలుగు పలకలుగా, కణుపులు కణుపులుగా ఉంటుంది. కణుపుల వద్ద చిన్న ఆకులు, నులితీగలు వస్తాయి. కాయలు చిన్నవి, పండినపుడు ఎర్రగా ఉంటాయి. దీనిని సంస్కృతంలో వజ్రవల్లి, అస్థిసంహారక అనీ, తమిళంలో పిరండై అనీ, హిందీలో హడ్‌జోడ్ అనీ అంటారు. హడ్‌జోడ్ అనగా ఎముకలను అతికించేది అని అర్థం. సులువుగా సాగిపోయే పనిని తెలుగులో "నల్లేరు మీద బండి నడక" అంటారు. నీటితో నిండిన మెత్తని కాడల మీద బండి చక్రం తేలికగా సాగిపోవటమే ఈ జాతీయానికి ఆధారం.

జెముడు మొక్కలతో తేడా

నల్లేరును, జెముళ్ళను పోల్చుకోవటంలో పొరపాటు ప్రమాదకరం. తెలుగులో జెముడు అనే పేరు రెండు వేర్వేరు కుటుంబాల మొక్కలకు ఉంది.

* నాగజెముడు: ఇది కాక్టస్ కుటుంబపు మొక్క, అమెరికా ఖండాల నుండి వచ్చినది. 18వ శతాబ్దం చివరలో మద్రాసులో జేమ్స్ ఆండర్సన్ అనే వైద్యుడు ఎర్ర రంగునిచ్చే కోచినీల్ పురుగుల పెంపకం కోసం ఈ జాతి మొక్కల తోటను వేశాడు. మెక్సికోలో ఈ జాతి లేత మట్టలను నోపాల్ అనే పేరుతో కూరగాయగా వండుతారు. పెద్ద ముళ్ళతో పాటు కంటికి సరిగా కనిపించని నూగు ముళ్ళను కూడా గీకివేసి, ఉడికించి లేదా కాల్చి తింటారు. తెలుగువారి ఇళ్ళలో ఈ వంట వాడుకలో లేదు.
* బొమ్మజెముడు, ఆకుజెముడు, కాడజెముడు: ఇవి యూఫోర్బియా ప్రజాతికి చెందినవి. తుంచితే తెల్లని పాలు కారతాయి. ఈ పాలు విషపూరితం, కంటిలో పడితే చూపుకు హాని కలుగుతుంది. వీటిని తినరాదు.

నల్లేరును తుంచినపుడు తెల్లని పాలు రావు, కాడకు ముళ్ళు ఉండవు, నులితీగలు ఉంటాయి. గుర్తు తెలియని మొక్కను వంటకు వాడరాదు.

కావలసిన పదార్థాలు

* లేత నల్లేరు ముక్కలు - 1 కప్పు
* నూనె - 3 చెంచాలు
* ఎండుమిరపకాయలు - 6
* మినపపప్పు, శనగపప్పు - ఒక్కొక్క చెంచా
* జీలకర్ర - అర చెంచా
* వెల్లుల్లి - 4 రెబ్బలు
* చింతపండు - ఉసిరికాయంత
* ఉప్పు - తగినంత
* తాలింపుకు ఆవాలు, కరివేపాకు, ఇంగువ

తయారుచేయు విధానము

తీగ చివరి రెండు మూడు కణుపుల లేత కాడలను మాత్రమే తీసుకోవాలి. ముదురు కాడలో నార ఎక్కువ. చేతులకు నూనె రాసుకొని కణుపులను తీసివేసి, పలకల అంచుల వెంట నారను ఒలవాలి. ముక్కలను కడిగి ఆరబెట్టాలి. మూకుడులో కొంత నూనె వేసి పప్పులు, మిరపకాయలు, జీలకర్ర వేయించి పక్కన పెట్టుకోవాలి. మిగిలిన నూనెలో నల్లేరు ముక్కలను సన్నని సెగపై పచ్చిదనం పూర్తిగా పోయి రంగు మారేవరకు వేయించాలి. చల్లారిన తరువాత నానబెట్టిన చింతపండు, వెల్లుల్లి, ఉప్పుతో కలిపి రోటిలో గాని, మిక్సీలో గాని రుబ్బి తాలింపు పెట్టాలి. వేడి అన్నంలో నెయ్యితో తింటారు.

దురదకు కారణం

నల్లేరు కాడలో కాల్షియం ఆక్సలేట్ సూదుల వంటి స్ఫటికాలుగా ఉంటుంది. ఇవి చర్మానికి, నాలుకకు గుచ్చుకొని దురద కలిగిస్తాయి. కంద, చేమదుంపలలోని దురదకు కూడా ఇదే కారణం. అందుకే ఈ వంటలలో చింతపండు పులుపు వాడే సంప్రదాయం ఉంది.

నగరాలలో పెంపకం

హైదరాబాదులోని అమీర్‌పేట, పంజాగుట్ట వంటి రద్దీ ప్రాంతాలలో పెరడు ఉన్న ఇళ్ళు తక్కువ. అయితే నల్లేరుకు పెరడు అవసరం లేదు. రెండు కణుపులున్న కాడను కుండీలో గుచ్చితే వేళ్ళు పోసుకుంటుంది. ఎండ తగిలే బాల్కనీ, పాకటానికి ఒక ఊచ లేదా తాడు, మన్ను ఆరిన తరువాత కొద్దిగా నీరు సరిపోతాయి. నీరు నిలిస్తే కాడ కుళ్ళుతుంది.

ఆరోగ్య విషయాలు

విరిగిన ఎముకలు అతుక్కోవటానికి నల్లేరును ఆయుర్వేదంలో వాడతారు. దీనిపై ఆధునిక పరిశోధనలు కూడా జరిగాయి. అయినప్పటికీ ఎముక విరిగినపుడు పచ్చడి తినటం వైద్యానికి ప్రత్యామ్నాయం కాదు. ఆక్సలేట్ ఉన్నందున మూత్రపిండాలలో రాళ్ళు ఉన్నవారు వైద్యుని సలహా లేకుండా తినకపోవటం మంచిది.

ఇవి కూడా చూడండి

* నాగజెముడు
* కంద
* పచ్చళ్ళు