బిళ్ళమీది జెండా

జాతీయపతాకం పవిత్రమైనదని పాఠ్యపుస్తకాలు చెబుతాయి. ఎవరి చేతిలో, ఎవరి ప్రయోజనంకోసం పవిత్రమో అవి చెప్పవు. ఆ ప్రశ్నకు సమాధానం నాకు రాజనీతి గ్రంథాలలోకంటే చొక్కాకు గుచ్చుకునే రెండు చిన్న బిళ్ళల చరిత్రలో స్పష్టంగా కనిపించింది.

మొదటిది అమెరికాది. న్యూవార్క్ నగరంలోని వైట్‌హెడ్ అండ్ హోగ్ కంపెనీ 1896లో, బొమ్మ అచ్చువేసిన కాగితంమీద సెల్యులాయిడ్ పొర కప్పి, వెనక సూది అమర్చిన బిళ్ళకు పేటెంటు పొందింది. ఆ యేటి అధ్యక్ష ఎన్నికలలో మెకిన్లీ, బ్రయన్‌ల బొమ్మలతో ఇలాంటి బిళ్ళలు విరివిగా పంచారు. సిగరెట్ వ్యాపారులూ ఈ సాధనాన్ని అందిపుచ్చుకున్నారు. అయిదు పెద్ద కంపెనీలను కలిపి 1890లో జేమ్స్ డ్యూక్ నిర్మించిన అమెరికన్ టొబాకో కంపెనీ, తన స్వీట్ కపోరల్ సిగరెట్లతో దేశదేశాల జెండాల బిళ్ళలను బహుమానంగా ఇచ్చింది. ముందువైపు జెండా, వెనకవైపు సిగరెట్ పేరు.

మన కచేరీలలో బిళ్ళబంట్రోతును చూడగానే అతడు ఎవరి నౌకరో తెలిసేది. జెండాబిళ్ళ పెట్టుకున్నవాడు మాత్రం తాను దేశభక్తుణ్ణనే అనుకున్నాడు. నిజానికి అతడు గుత్తపెట్టుబడికి జీతంలేని బంట్రోతు.

జెండాను సరుకుకు తగిలించటంపై అభ్యంతరాలు రాకపోలేదు. అలాంటి వాడకాన్ని నెబ్రాస్కా రాష్ట్రం 1903లో నిషేధించింది. బీరుసీసామీద జెండా వేసి అమ్మిన వ్యాపారుల కేసులో, 1907 మార్చిలో అమెరికా సుప్రీంకోర్టు ఆ శాసనాన్ని సమర్థించింది. ప్రకటనలవల్ల జెండా చులకనవుతుందని చెప్పింది. ఈ తీర్పు చదివి సంతోషించేవారు, అదే సంవత్సరం ఆగస్టులో అమెరికన్ పాలకులు మనీలాలో చేసిన మరో శాసనాన్ని కూడా చదవాలి.

1898 జూన్ 12న అగినాల్డో ఫిలిప్పీన్సు స్వాతంత్ర్యాన్ని ప్రకటించి జెండా ఎగరవేశాడు. ఆ యేడాది చివర అమెరికా స్పెయిన్‌నుంచి ఆ దీవులను సంధిపత్రంతో పుచ్చుకుని, ఎదిరించిన ప్రజలమీద యుద్ధం చేసింది. 1907 శాసనం ఆ ప్రజల జెండాను, దాని గుర్తులను ప్రదర్శించటమే నేరమన్నది.

రెండవ బిళ్ళ కథ ఇక్కడిది. 1908లో మనీలా వర్తకుడొకడు అగినాల్డో బొమ్మ, ఆ జెండా అచ్చువేసిన బొత్తాములవంటి బిళ్ళలను దుకాణంలో ప్రదర్శనకు పెట్టాడు. షరీఫు అధికారంతో జరిగిన వేలంలో కొన్న సరుకది. శాసనం సంగతి తనకు తెలియదన్నాడు. అయినా 500 పెసోల జరిమానా పడింది. నేరోద్దేశంతో నిమిత్తంలేదని 1909లో ఫిలిప్పీన్సు సుప్రీంకోర్టు ఆ శిక్షను ఖాయపరచింది.

బిళ్ళ కేవలం ఆటవస్తువనేవారిని నేనొకటి అడుగుతాను: ఆటవస్తువైతే సామ్రాజ్యం దానికెందుకు భయపడింది? సిగరెట్లు అమ్మిపెట్టిన జెండా బహుమానమయింది. స్వాతంత్ర్యాన్ని గుర్తుచేసిన జెండా నేరమయింది. జెండాకు అర్థం బట్టలోనూ రంగులోనూ లేదు, దాన్ని పట్టిన వర్గం ఆశయంలో వుంది. 1919లో ఆ నిషేధం రద్దయ్యేవరకు ఫిలిప్పీన్సు ప్రజలు తమ జెండాను మరవలేదు.

కేంద్రప్రభుత్వ అనుమతి లేకుండా జాతీయపతాకాన్ని వ్యాపారానికి వాడరాదని మనదేశంలో 1950లో చట్టం చేశారు. అది అవసరమే. కాని చట్టం జెండాను సరుకునుంచి కాపాడగలదేగాని, దాని అర్థాన్ని కాపాడవలసినవారు ప్రజలు. కనుక ఎవరైనా మన రొమ్ముకు జెండా గుచ్చబోయినప్పుడు, ముందు ఆ బిళ్ళను వెనక్కి తిప్పి చూడటం విద్యార్థులూ ఉపాధ్యాయులూ అలవాటు చేసుకోవాలి.